తీగ ఆగేదాకా

ఆదివారం పొద్దున్నే చిన్నోడు వచ్చి మూడు పాసులు బల్ల మీద పెట్టాడు. నలభై దాటి జుట్టు సగం ఊడినా ఆ ఇంట్లో వాడు చిన్నోడే. వాయించేది మాత్రం ఆర్కెస్ట్రాలోకెల్లా పెద్ద వాయిద్యం, డబుల్ బాస్. నిలబెడితే మనిషిని మించిన ఎత్తు. దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కేటప్పుడు చూస్తే, సొమ్మసిల్లిన ఎవరినో ఆసుపత్రికి మోసుకెళ్తున్నట్టు ఉంటుంది.

"మధ్యాహ్నమే బావా. చీకటిపడే లోపల ఇంటికొచ్చేయొచ్చు. పాటలు కాదు, సినిమా వెనకాల వస్తుంది చూడు, ఆ మ్యూజిక్కు. పైన తెర మీద సీను నడుస్తుంటుంది, కింద మేమంతా వాయిస్తుంటాం. పాపకి బాగా నచ్చుతుంది."

పాప అప్పటికే ఒక పాసు తీసుకుని సీటు నంబరు వెతుకుతోంది.

చిన్నోడి అక్క వంటింటి గుమ్మంలో నిలబడి భర్త మొహం చూసింది. భర్త రైలు డ్రైవరు. సెలవులో ఉన్నాడు.

"సరే," అన్నాడు అతను.

రానంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. దానికంటే సరే అనడం తేలిక. కొన్ని వారాలుగా అతను ప్రతిదానికీ సరే అంటున్నాడు. అన్నం పెట్టనా అంటే సరే, తీసెయ్యనా అంటే సరే.

అసలు జరిగింది ఇది. ఒక రోజు ఉదయం, ఇంకా మంచు విడవని వేళ, అతను నడుపుతున్న ప్యాసింజరు బండి ఒక మలుపు తిరిగింది. మలుపు అవతల పట్టాల మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతను హారన్ కొట్టాడు, ఎమర్జెన్సీ బ్రేకు లాగాడు. చేయవలసిందంతా చేయవలసిన వరుసలోనే చేశాడు. కానీ బండి బండే. అంత బరువు, అంత వేగంలో ఉన్నది, బ్రేకు వేసినంత మాత్రాన నిలబడదు. చాలా దూరం పోయి ఆగింది. అతను కిందికి దిగలేదు. కంట్రోలు రూముకి చెప్పవలసినవన్నీ తడబడకుండా చెప్పాడట. ఆ గొంతు రికార్డు విన్న ఇన్‌స్పెక్టరు, ఎంత నిబ్బరమైన మనిషో అని మెచ్చుకున్నాడు కూడా.

ఇంటికి వచ్చి భార్యతో ఒక్క ముక్కే చెప్పాడు.

"ఒకాయన అడ్డం వచ్చాడు."

అంతకుమించి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. మిగతా లోకమంతా మాత్రం ఒకటే మాట పట్టుకుంది. మీ తప్పేం లేదు. ఇన్‌స్పెక్టరు అన్నాడు, సెలవు రాసిచ్చిన డాక్టరమ్మ అంది, తోటి డ్రైవర్లు ఫోన్లు చేసి అన్నారు, పక్కింటాయన గేటు దగ్గర భుజం తట్టి మరీ అన్నాడు. అందరికీ తల ఊపాడు. వినీ వినీ ఆ మాట అరిగిపోయింది. చివరికి అది ఎవరో ఇంకెవరినో అంటున్నట్టు వినిపించేది.

ఏడుపు రాలేదు. కోపం రాలేదు. పీడకలలు వస్తున్నాయా అని డాక్టరమ్మ అడిగింది. కలలు రావాలంటే నిద్ర పట్టాలి కదా. కళ్ళు మూసుకుని పడుకునేవాడు, తెల్లారితే లేచేవాడు. ఒక రోజు పొయ్యి మీద పాలగిన్నెని ఉత్త చేత్తో దింపి, గట్టు దాకా నింపాదిగా తీసుకెళ్ళి పెట్టాడు. అది చూసి భార్య కెవ్వుమంది. అరచేయి బొబ్బలెక్కింది. "కాలలేదా?" అంటే, "కాలింది కాబోలు," అన్నాడు.

అందుకే చిన్నోడు పాసులు తెస్తే ఆమె వద్దనలేదు. పిల్ల సంబరపడుతుంది, మనిషి కాస్త బయటి గాలి పీల్చుకుంటాడు అనుకుంది.

భర్తకి ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది. గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటే, దగ్గరికి వచ్చి విప్పి సరిచేసింది. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఫ్రేములకు ఆవగింజంత మరలు బిగించే వేళ్ళు అవి. గుండీలు ఎంతసేపు? అతను చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

హాలుకి రైల్లో అయితే తొందరగా చేరవచ్చు. ఎవరూ ఆ ఊసెత్తకుండానే ముగ్గురూ బస్సెక్కారు.

హాలు నిండిపోయింది. వాళ్ళకి మధ్య వరసలో సీట్లు వచ్చాయి. వేదిక మీద అర్ధచంద్రాకారంలో కుర్చీలు, వాటి మీద నల్లబట్టల మనుషులు, వెనక గోడంత తెర. కుడిచేతి చివర డబుల్ బాసులు ఐదారు నిలబడి ఉన్నాయి. వాటి వెనక నుంచి చిన్నోడి బట్టతల తొంగిచూస్తోంది.

"అదిగో మామయ్య! ఇంట్లో తిరిగే మామయ్యలా లేడు," అంది పాప.

"తల దువ్వుకున్నాడు కదా, అందుకని," అంది తల్లి.

"దువ్వడానికి ఏముందని?"

పక్క సీటులో ఉన్నావిడ కిసుక్కున నవ్వింది. డ్రైవరు పెదవులు కూడా కదిలాయి. నవ్వవలసిన చోటు ఇది అని తెలుసు, అంతే.

వాయిద్యాలన్నీ ఒకేసారి శ్రుతి చేసుకున్నాయి. పొట్టిగా, చురుగ్గా ఉన్న ఒక పెద్దమనిషి వచ్చి అందరికీ నమస్కరించి చిన్న పుల్లలాంటి బెత్తం పైకెత్తాడు. దీపాలు తగ్గాయి.

మొదట ఒక ప్రేమ సినిమా. తెర మీద వాన, గొడుగు లేని అమ్మాయి. వయొలిన్లు నెమ్మదిగా మొదలై పైకి పోయాయి. ముందు వరసలో ఒకాయన జేబురుమాలు తీశాడు. తర్వాత దయ్యాల సినిమా. తలుపు దానంతట అదే తెరుచుకుంటుంటే సన్నని తీగల మీద గీరినట్టు చప్పుడు వచ్చింది. పాప రెండు చేతులతో కళ్ళు మూసుకుని వేళ్ళ సందుల్లోంచి చూసింది. ఆ తర్వాత ఒక లావుపాటి దొంగ, వాడి వెంట ఒక బక్క పోలీసు. ట్రాంబోన్లనే పొడుగు బాకాల గొట్టాలు ఆ దొంగ జారిపడ్డప్పుడల్లా జారాయి. హాలంతా పగలబడి నవ్వింది.

డ్రైవరు ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చూశాడు. సంగీతం బాగుందని అర్థమవుతోంది. గాజు తలుపు అవతల ఎవరో మాట్లాడుతుంటే పెదవులు ఆడటం తెలుస్తుంది చూడండి, అలా. ఎక్కువసేపు అతను వాయించేవాళ్ళ చేతుల్నే చూశాడు. ఒకడి పక్కన ఒకడు, అందరి చేతులూ ఒకేవైపు వెళ్ళి ఒకేవైపు వస్తున్నాయి.

నాలుగోదో ఐదోదో, తెర మీదికి ఒక నలుపు తెలుపు బొమ్మ వచ్చింది. పల్చటి పొగమంచు. మంచులో రెండు పట్టాలు మెరుస్తున్నాయి.

భార్య చప్పున అతని వైపు తిరిగింది. పట్టాల చివర చిన్న దీపం కనిపించింది.

"నాన్నా, రైలు!" అని, పాప వెంటనే తన నోరు తనే మూసుకుంది. ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా పిల్లలకి తెలియకుండా ఏముంటుంది?

భార్య అతని మణికట్టు పట్టుకుంది. "ఏమండీ, బయటికి పోదాం పదండి."

"ఎందుకు?"

"పోదాం. నాకు ఊపిరాడట్లేదు."

"నీళ్ళు తాగు," అన్నాడు అతను తెర మీంచి చూపు తిప్పకుండా.

కింద నుంచి మొదలైంది. డబుల్ బాసులు, పెద్ద డోలు. నేలలోంచి, కుర్చీ కాళ్ళలోంచి ఎక్కింది. తెర మీద హీరో ఎవరో ఆడమనిషిని వెతుకుతూ ప్లాట్‌ఫారం వెంట పరుగెత్తుతున్నాడు. రైలు దగ్గరవుతోంది. వయొలిన్లు చక్రాలయ్యాయి. బాకాలు కూతలయ్యాయి. చప్పుడు పెరిగి పెరిగి, ఇక హాలు పైకప్పు నిలుస్తుందా అన్నంత అయింది. దీపం తెరంతా అయింది.

పొట్టి పెద్దమనిషి పిడికిలి బిగించాడు.

ఆగిపోయింది.

మొత్తం. ఒక్క తీగ కూడా మిగలకుండా. తెర తెల్లబడింది. అంతమంది జనంలో ఒక్క దగ్గు వినపడలేదు. చిన్నోడి కమాను గాలిలో ఉంది. వాడి ఎడమ అరచేయి తీగలన్నిటినీ అదిమి పట్టుకుని ఉంది.

ఆ నిశ్శబ్దంలో భార్య తన చేతి కింద ఉన్న భర్త చేయి కదలడం గమనించింది. అది కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని వెనక్కి లాగుతోంది. లాగి, అక్కడే బిగబట్టింది. హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. దీపాలు వెలిగాయి. విరామం. అందరూ లేచారు. ఆ చేయి ఇంకా లాగుతూనే ఉంది.

"ఏమండీ," అంది ఆమె. "ఆగింది. వదలండి."

అతను చేయి వంక చూసి, వదిలాడు.

చిన్నోడు పక్క తలుపులోంచి పరుగున వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. వాళ్ళని జనంలోంచి తప్పించి వేదిక వెనక నడవలోకి తీసుకెళ్ళాడు. వాయిద్యాల ఖాళీ పెట్టెలు గోడవారగా నిలబెట్టి ఉన్నాయి. చిన్నోడి బాస్ కూడా అక్కడే ఒక బల్లకి ఆనించి ఉంది.

"అక్కా, ఒట్టు, నాకు తట్టనే లేదు. మాకు కనపడేది కాగితం మీద నోట్సే. తెర మా వీపు వెనక ఉంటుంది. సీను మొదలయ్యాక, ఆ డోలు పడ్డాక గుర్తొచ్చింది. కమాను పారేసి పరిగెత్తుకొద్దామనిపించింది. బావా, నేనో పెద్ద వెధవని."

డ్రైవరు వాడి మాటలు విన్నాడో లేదో తెలియలేదు.

"అంతమందీ అలా ఎలా ఆపారు?" అని అడిగాడు.

"ఏంటి బావా?"

"అంత జోరుగా పోతున్నారు. ఆయన చెయ్యి ఇలా అన్నాడు, ఆగిపోయారు. ఎలా?"

చిన్నోడు అక్క మొహం చూశాడు. కొన్ని వారాల్లో భర్త తనంతట తానుగా అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పు అన్నట్టు ఆమె కళ్ళార్పింది.

"ఆయన చెయ్యి చూసి ఆపితే అప్పటికే ఆలస్యం అయిపోతుంది బావా. ఎక్కడ ఆగాలో కాగితంలో ముందే రాసుంటుంది. పది సార్లు రిహార్సల్ చేసుంటాం. చాలా ముందు నుంచే ఒళ్ళు తయారవుతుంది, ఇదిగో వస్తోంది, ఇదిగో వస్తోంది అని. ఆయన పిడికిలి పట్టేటప్పటికి మా చేతులు తీగల మీదే ఉంటాయి."

"ముందు తెలియకపోతే?"

"తెలియకపోతే ఎవడూ ఆపలేడు," అన్నాడు చిన్నోడు. వాడు తన పని గురించే చెబుతున్నాడు, ఓదార్చాలన్న ఆలోచనే లేదు. "ఇది ఇంతుంది కదా, దీన్ని ఒకసారి కదిలిస్తే దానంతట అది ఆగదు. కావాలంటే చూడు."

బాస్‌ని దగ్గరికి లాక్కుని లావుపాటి తీగని వేలితో ఒక్కసారి మీటాడు.

నడవ అంతా గుమ్మంది. పాప పరుగెత్తి ఆ చెక్కకి చెవి ఆనించింది.

చప్పుడు తగ్గుతూ వచ్చింది. పెద్దవాళ్ళకి ఇక వినపడలేదు.

"ఇంకా ఉంది," అంది పాప.

ఎవరో గ్లాసులు పట్టుకుని పక్కనుంచి నడిచి వెళ్ళారు.

"ఇంకా ఉంది... ఇంకా ఉంది..."

డ్రైవరు పాప మొహం వంకే చూస్తున్నాడు.

"ఆఁ. అయిపోయింది," అంది పాప.

అతను బల్ల అంచు మీద కూర్చున్నాడు.

"ఆ రోజు బండి అలానే పోయింది," అన్నాడు.

భార్య తమ్ముడికి సైగ చేసింది. చిన్నోడు అటుగా పోతున్న డోలు వాయించే ఆవిడని పిలిచి, పాపకి ఆ పెద్ద డోలు చూపించమన్నాడు. పాప వెళ్ళింది, వెనక్కి చూసుకుంటూ.

"ఆయన మంచి చొక్కా వేసుకున్నాడు," అన్నాడు డ్రైవరు. గొంతు కంట్రోలు రూముకి చెప్పినంత నిబ్బరంగానే ఉంది. "టక్ చేసుకున్నాడు. ఆఫీసుకి పోతున్నట్టు. హారన్ కొట్టాను. వినపడింది ఆయనకి. ఇటు తిరిగాడు. దారి అడగడానికి ఎవరో వస్తుంటే చూస్తాం చూడు, అలా చూశాడు నన్ను. నేను బ్రేకు లాగి పట్టుకున్నాను. ఇంకేం చెయ్యడానికీ లేదు నాకు. చేతిలో ఇంకేం లేదు. చూస్తూ ఉండాలి, అంతే."

"వద్దులే బావా," అన్నాడు చిన్నోడు.

"చెప్పనీ," అంది భార్య.

"కళ్ళజోడు ఉంది ఆయనకి. దాన్ని తీశాడు. రెండు చేతులతో తీశాడు, వంగిపోకుండా. మడిచాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు."

నడవ చివర డోలు మీద ఎవరో మెల్లగా ఒక దెబ్బ వేశారు. పాప నవ్వు వినిపించింది.

"పగులుతుందనేమో," అన్నాడు అతను.

భార్య చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. రోజూ ఎంతమందికి ఆమె అదే చెబుతుందో. రెండు చేతులతో తీయండి, ఒంటి చేత్తో లాగితే వంగిపోతుంది. మడిచి పెట్టండి.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు పొద్దస్తమానం వాటి మధ్యనే ఉంటావు. వచ్చిన ప్రతివాడూ నీ ముందు కూర్చుని అది తీసి నీ చేతిలో పెడతాడు. నీకు చెప్తే రేపటి నుంచి ఎలా పనిచేస్తావు? నా ఒక్కడితో పోతుందిలే అనుకున్నా."

ఆమె అతని పక్కన ఆ బల్ల మీదే కూర్చుంది. చిన్నోడు ఏం చేయాలో తోచక బాస్ మెడ పట్టుకుని నిలబడ్డాడు. మీ తప్పేం లేదు అన్న మాట వాడి నోటిదాకా వచ్చింది. ఎందుకో వాడు దాన్ని మింగేశాడు.

"పోయిందా మరి, నీ ఒక్కడితో?" అంది ఆమె. ఎప్పుడూ మీరు అనే మనిషి, తెలియకుండానే నువ్వు అంది.

అతను లేదన్నట్టు తల ఊపాడు. ఏడవలేదు. ఆమె కూడా ఏడవలేదు. విరామం అయిపోయిందని గంట మోగింది.

"ఇంటికి పోదామా?" అని అడిగింది.

"పాప ఏడుస్తుంది. చూసే పోదాం," అన్నాడు.

రెండో సగంలో ముందుగా ఒక యుద్ధం సినిమా వచ్చింది. తెర మీద గుర్రాలు, జెండాలు. బాకాలన్నీ ఒక్కపెట్టున ఎత్తుకున్నాయి. ఆ హోరులో, కత్తులు కత్తులకి తగులుతుండగా, డ్రైవరు నిద్రపోయాడు. ముందు తల వాలింది, తర్వాత భార్య భుజం మీద పడింది, తర్వాత నోరు తెరుచుకుంది. యుద్ధం అయిపోయి, ఏదో అమ్మ పిల్లవాడిని జోకొట్టే సీనులో ఒక్క ఫ్లూటు వాయిస్తుండగా, అతని గురక నాలుగు వరసలకి వినిపించింది.

వెనక సీటాయన ఆమె భుజం తట్టాడు. "అమ్మా, మీవారిని కాస్త లేపుతారా? గురక వినపడుతోంది."

"లేపను," అంది ఆమె.

"అది కాదమ్మా, మేమంతా..."

"ఏమనుకోకండి. లేపను."

ఆయనకి ఆ మొహంలో ఏం కనిపించిందో, వెనక్కి జరిగి కూర్చున్నాడు. పాప తండ్రి నోరు మూయడానికి గడ్డాన్ని మెల్లగా పైకి నెట్టి చూసింది. అది మళ్ళీ తెరుచుకుంది. కాసేపటికి ఆ పిల్ల ఆ సంగతి మరిచిపోయి తెరలో మునిగిపోయింది.

ఆమెకి మాత్రం ఆ రెండో సగంలో ఒక్క స్వరం కూడా చెవికెక్కలేదు. తెర మీద ఎవరెవరో కలుసుకున్నారు, విడిపోయారు. ఆమె చుట్టూ ఉన్న చీకట్లో కళ్ళజోళ్ళు మెరుస్తున్నాయి. తెర వెలుగు ఒక్కో జత అద్దాల మీద పడుతోంది, పోతోంది. వాటిని చూడకూడదనుకుని ముందు సీటు వీపు వైపు చూసింది. భుజం తిమ్మిరెక్కింది. కదల్చలేదు.

అంతా అయిపోయి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే అతనికి మెలకువ వచ్చింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఎలా ఉంది?"

"ఏమో," అంది ఆమె. "నేనూ వినలేదు."

తర్వాతి రోజు ఆమె షాపుకి వెళ్ళింది. అతను వద్దన్నాడు, ఆమె వెళ్ళింది. మొదటి మనిషి వచ్చి కూర్చుని కళ్ళజోడు తీసి చేతిలో పెడితే, ఒక్క నిమిషం అని చెప్పి లోపలి గదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. రెండో మనిషికీ అంతే. మూడో మనిషికి ఆ అవసరం పడలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అది ఉన్నదున్నట్టు అతనికి చెప్పింది. అతను వింటూ, ఆమె తరుగుతున్న కూరగాయల తొక్కలు ఏరి డబ్బాలో వేశాడు.

డాక్టరమ్మ సరేనన్నాక అతను పనిలో చేరాడు. మెయిన్ లైను ఇప్పట్లో వద్దని తనే అడిగాడు. యార్డులో ఖాళీ పెట్టెల్ని ఒక లైనులోంచి ఇంకో లైనులోకి మార్చే పని ఇచ్చారు. అక్కడ బండి మనిషి నడకతో సమానంగా పోతుంది. నత్తకి డ్రైవరువయ్యావు అని తోటివాళ్ళు ఆటపట్టించారు. అతనికి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. పొద్దున వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చేవాడు. కొన్ని రాత్రులు నిద్ర పట్టేది, కొన్ని రాత్రులు పట్టేది కాదు. పట్టనప్పుడు ఆమెని లేపేవాడు. ఆమె లేచి కూర్చునేది.

ఒక రోజు యార్డులో ఉన్నట్టుండి వాన ఎత్తుకుంది. ఇంజను కిటికీలోంచి జల్లు లోపలికి కొట్టి చొక్కా చేయి తడిసింది. చలేసింది. అతను కిటికీ మూసుకున్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు.

"వానలో తడిస్తే చలెయ్యదా మరి," అంది ఆమె, అదొక విశేషమా అన్నట్టు. పాలగిన్నె కాల్చిన మచ్చ ఇంకా పోని అతని చేతికి తువ్వాలిచ్చి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా కాసేపు అక్కడే నిలబడింది.